తెలుగు క్షేత్రపరిశోధనలో గమనికల సాఫ్ట్‌వేర్: లోపాలు, వినియోగ పద్ధతులు (జహీరాబాద్ ప్రాంత వ్యవసాయపదజాలం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం

మాండలికపదాలను, వృత్తిపదజాలాన్ని సేకరించే పరిశోధకుల్లో చాలామంది కాగితపు కార్డులు విడిచి ఫోన్లలో, కంప్యూటర్లలో గమనికలు రాసుకొంటున్నారు. రాయడం సులువైంది. రాసినదాన్ని తిరిగి వెతికి పట్టుకోవడం మాత్రం తెలుగు విషయంలో ఇంకా సమస్యగానే ఉంది. ఒకే పదం అనేక రూపాల్లో వినిపించడం, ఒకే అక్షరం కంప్యూటర్‌లో రెండు విధాలుగా నమోదు కావడం, వక్తలు కాలాన్ని కార్తెలతో చెప్పడం వంటి అంశాలకు సాధారణ గమనికల సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాట్లు లేవు. ఈ లోపాలను జహీరాబాద్ ప్రాంత వ్యవసాయపదజాలం నేపథ్యంగా వివరించి, ఉన్న సౌకర్యాలతోనే వాటిని అధిగమించే ఒక గమనిక నమూనాను ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: గమనికలు, క్షేత్రపరిశోధన, మాండలికం, యూనికోడ్, జహీరాబాద్, వృత్తిపదకోశం, విన్నరూపం, శీర్షికరూపం.

1. ఉపోద్ఘాతం

క్షేత్రపరిశోధనలో తొలి ఆధారం పరిశోధకుడు రాసుకొన్న గమనిక. సిద్ధాంతగ్రంథంలో కనిపించే ప్రతి పదం, ప్రతి వాక్యం మొదట ఏదో ఒక గ్రామంలో, ఎవరో ఒకరి నోట విని రాసుకొన్నదే. గమనిక పోతే పదం పోతుంది. గమనిక ఉండి కూడా వెతికినప్పుడు దొరకకపోతే ఫలితం ఇంచుమించు అదే. ఈ రెండో నష్టం బయటికి కనిపించదు. వెతికితే దొరకని పదాన్ని పరిశోధకుడు "ఈ ప్రాంతంలో ఈ వాడుక లేదు" అని పొరపాటున నిర్ధారించే ప్రమాదం ఉంది. అంటే సాంకేతికమైన ఒక చిన్న లోపం భాషాశాస్త్రపరమైన తప్పుడు నిర్ణయంగా మారుతుంది. కాబట్టి గమనికల సాఫ్ట్‌వేర్‌ను సౌకర్యాల దృష్టితో చూసి ఊరుకోక, పరిశోధన ప్రామాణికతకు సంబంధించిన విషయంగా పరిశీలించవలసి ఉంది.

2. క్షేత్రం: జహీరాబాద్ ప్రాంతం

జహీరాబాద్ నేడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉంది. పూర్వపు హైదరాబాద్ రాష్ట్రంలో ఈ తాలూకా బీదరు జిల్లాలో భాగం. 1956 రాష్ట్రాల పునర్విభజనలో నిర్ణా సర్కిల్ మినహా మిగిలిన జహీరాబాద్ తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో చేరాయి. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. తెలుగు, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే వినిపించే ఈ నేలలో ఒకే పనిముట్టుకు, ఒకే పంటకు ఒకటికి మించిన పేర్లు ఎదురుకావడం సహజం.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉంది. 1983లో స్థాపితమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళల సంఘాలతో పనిచేస్తూ, జొన్న, కొర్ర, సామ, తైద వంటి వర్షాధార పంటల విత్తనాలను కాపాడుకొనే కృషికి తోడ్పడింది. ఏటా ఎడ్లబండ్లపై విత్తనాలను ఊరూరా తీసుకొనివెళ్లే పాతపంటల జాతర ఈ సంఘాలదే. 2008లో మాచునూరు గ్రామంలో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అందించే ఈక్వేటర్ పురస్కారం లభించింది.

ఇక్కడి విత్తనజ్ఞానంలో అధికభాగం మౌఖికం. ఏ నేలకు ఏ విత్తనం, దేని పక్కన దేన్ని కలిపి వేయాలి, ఏ కార్తెలో విత్తాలి అన్నది మాటల్లోనే ఒక తరం నుంచి మరొక తరానికి చేరుతోంది. ఇటువంటి చోట పదం కేవలం పదం కాదు, ఒక సాగుపద్ధతికి గుర్తు కూడా. అందువల్ల దాని నమోదులో జరిగే పొరపాటుకు మూల్యం ఎక్కువ.

3. కార్డు నుంచి తెరకు

తెలుగులో వృత్తిపదసేకరణకు దృఢమైన పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయపదాలతో వెలువరించింది. చేనేతపదాల సంపుటం 1971లో వచ్చింది. ఒక పదానికి ప్రాంతాలవారీగా రూపభేదాలను చూపడం ఇటువంటి కోశాలకు ప్రాణం.

కాగితపు కార్డులో సాఫ్ట్‌వేర్‌కు లేని ఒక గుణం ఉండేది. కార్డు పైభాగాన ఏ పదం రాయాలో, దాన్ని ఏ వరుసలో పెట్టాలో పరిశోధకుడు అక్కడికక్కడే నిర్ణయించుకోక తప్పేది కాదు. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్లనిఘంటువుకోసం పాఠకులు పంపిన చీటీలన్నీ శీర్షికపదం కింద చేరినవే. జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90,000 కార్డులకు సంఖ్యలిచ్చి, ఒకదాని నుంచి మరొకదానికి దారి చూపుకొన్నాడు. నేటి సాఫ్ట్‌వేర్ ఈ నిర్ణయాన్ని వాయిదా వేసుకొనే వీలు కల్పిస్తుంది. "ముందు రాసుకొందాం, తరవాత వెతుక్కోవచ్చు" అన్న ధీమా అక్కడే పుడుతుంది. ఆ ధీమా తెలుగులో ఎంతవరకు చెల్లుతుందో కింది విభాగంలో పరిశీలిద్దాం.

4. తెలుగు గమనికలలో ఎదురయ్యే లోపాలు

4.1 సంకేతభేదం

రాగులను తెలంగాణలో "తైదలు" అంటారు. ఈ పదంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా నమోదు చేయవచ్చు. ఐత్వానికి నేరుగా ఒక సంకేతం ఉంది. ఎత్వం గుర్తును, దాని కిందికి వచ్చే ఐత్వపు గుర్తును వేరువేరుగా చేర్చినా అదే అక్షరం ఏర్పడుతుంది. కంటికి రెండూ ఒక్కటే. యంత్రానికి రెండూ వేర్వేరు వరుసలు. కీబోర్డుతో రాసిన గమనికలో మొదటి పద్ధతి, పాత ఖతుల నుంచి మార్పిడి చేసుకొన్న పాఠంలో రెండో పద్ధతి ఉంటే, ఒకదాన్ని వెతికినప్పుడు రెండోది దొరకకపోవచ్చు. యూనికోడ్ ప్రమాణం ఈ రెండింటినీ సమానంగా భావించాలని చెబుతుంది. వెతికేముందు పాఠాన్ని ఏకరూపం చేసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే ఆ సమానత్వం తెలుస్తుంది.

రెండో చిక్కు కనిపించని గుర్తుది. "జహీరాబాద్‌లో" అన్నప్పుడు పొల్లు తరవాత లకారం వత్తుగా మారకుండా ఒక అదృశ్యసంకేతం చేరుస్తాం. అది చేర్చకపోతే "జహీరాబాద్లో" అవుతుంది. కొందరు ఖాళీ వదిలి "జహీరాబాద్ లో" అని, మరికొందరు అజంతం చేసి "జహీరాబాదులో" అని రాస్తారు. ఒక ఊరిపేరుకు "లో" ప్రత్యయం చేరితేనే నాలుగు రాతలు వచ్చాయి. ఐత్వాన్ని ఏకరూపం చేసే ప్రక్రియ ఈ అదృశ్యసంకేతాన్ని తొలగించదు. దాన్ని విడిగా చూసుకోవాలి.

అను వంటి పాత ఖతులలో టైపు చేసిన పాఠం ఇంకా దూరం. అందులో తెరపై తెలుగు కనిపించినా లోపల నమోదైనవి ఆంగ్లాక్షరాల సంకేతాలు. యూనికోడ్‌లోకి మార్చనంతవరకు తెలుగులో ఎంత వెతికినా ఆ పాఠం బయటపడదు.

4.2 పదరూపభేదం

తెలుగు ప్రత్యయాలను కలుపుకొనే భాష. ప్రాతిపదిక మారకుండా ఉంటే పదంలో కొంతభాగంతో వెతికినా చాలు. "జొన్న" అని వెతికితే "జొన్నలు", "జొన్నరొట్టె", "పచ్చజొన్నలు" దొరుకుతాయి. ప్రాతిపదిక మారినచోట ఈ పద్ధతి విఫలమవుతుంది. "నాగలి" అని వెతికితే "నాగటి", "నాగళ్లు" రావు. "కాయ" అని వెతికితే గసడదవాదేశం పొందిన "కూరగాయ" రాదు.

ఉచ్చారణభేదం దీనికి తోడవుతుంది. తెలంగాణ వాడుకలో "విత్తనం" "ఇత్తనం"గా, "సజ్జలు" "సద్దలు"గా, "చేనులో" "చేన్ల"గా వినిపిస్తాయి. విన్నది విన్నట్లు రాయడం మాండలికపరిశోధకుని ధర్మం. విన్నట్లు రాసినందువల్లనే ఆ పదం ప్రామాణికరూపంతో చేసే శోధనకు చిక్కకుండా పోతుంది. ధర్మం పాటించినందుకు దక్కే శిక్ష వంటిది ఇది. పర్యాయపదాల సంగతి సరేసరి. "తైదలు, రాగులు", "బబ్బెర్లు, అలసందలు", "పుంటికూర, గోంగూర" ఒక్కటేనని ఏ సాఫ్ట్‌వేర్‌కూ తనంతట తెలియదు.

4.3 ధ్వని, అక్షరక్రమం

"జొన్న"లోని తొలిధ్వని దంత్యం. దాన్ని సూచించే ౙ, దానితోపాటు ౘ, యూనికోడ్‌లో 2008లో చేరాయి. ధ్వనిభేదాన్ని పాటిస్తూ "ౙొన్న" అని రాసినవారికి "జొన్న" అని వెతికితే ఫలితం రాదు. కేవలం సంకేతాల వరుస ప్రకారం గమనికలను అమర్చే చోట ౘ, ౙలతో మొదలయ్యే శీర్షికలు హకారం తరవాతికి పోతాయి. "వచ్చాడు" వంటి క్రియల్లో ఏ, ఆల నడుమ వినిపించే స్వరానికైతే తెలుగులిపిలో ప్రత్యేకాక్షరమే లేదు.

4.4 శబ్దానికి, పాఠానికి మధ్య దూరం

చాలా సాఫ్ట్‌వేర్లలో గమనికకు శబ్దపుటాన్ని జతచేయవచ్చు. గంటసేపటి సంభాషణలో ఆ పదం ఏ నిమిషంలో వచ్చిందో చూపే ఏర్పాటు అన్నింటిలో లేదు. మాటను పాఠంగా మార్చే సౌకర్యం తెలుగుకు వచ్చినా, మాండలికసేకరణలో దాన్ని జాగ్రత్తగా వాడాలి. యంత్రం "ఇత్తనం" అన్న మాటను తనకు తెలిసిన "విత్తనం"గా దిద్దితే, పరిశోధనకు కావలసిన ఆధారమే చెరిగిపోతుంది. అందువల్ల యంత్రపాఠాన్ని శబ్దంతో సరిచూడనిదే ఆధారంగా స్వీకరించరాదు.

4.5 కాలసూచన

గమనికపై సాఫ్ట్‌వేర్ వేసే తేదీ ఆ గమనిక సృష్టించిన రోజుది. రైతు చెప్పే కాలం "మిరుగం", "రోహిణి", "వానకాలం", "యాసంగి". సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. మృగశిరకార్తె జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో ప్రవేశిస్తుంది. విన్న తేదీ, వక్త చెప్పిన కాలం రెండు వేర్వేరు విషయాలు. వీటిని ఒకే గడిలో కలిపితే యాసంగి పంటగురించి వానకాలంలో రాసుకొన్న గమనిక తరవాత అయోమయానికి దారితీస్తుంది.

5. ఉన్న సౌకర్యాలతో పరిష్కారం

5.1 రెండు రూపాల సూత్రం

పై లోపాలలో చాలావాటికి ఒకే మందు ఉంది. ప్రతి గమనికలో విన్నరూపాన్ని, శీర్షికరూపాన్ని విడివిడిగా రాయడం. విన్నరూపం సాక్ష్యం. దాన్ని ఎన్నడూ దిద్దరాదు. శీర్షికరూపం చిరునామా. దాన్ని పరిశోధకుడు ముందుగా ఏర్పరచుకొన్న నియమం ప్రకారం రాయాలి. నామవాచకమైతే ఏకవచన ప్రథమావిభక్తి, క్రియ అయితే నిఘంటురూపం, దంత్యచజలకు సాధారణాక్షరం అన్నవి అటువంటి నియమాలు. ఈ నియమాలను ఒక పుటలో రాసి, సంచయం మొదట్లో ఉంచాలి.

కింది నమూనా ఈ సూత్రంపై రూపొందింది. ఇందులోని వాక్యం, వివరాలు ఉదాహరణకోసం కూర్చినవి.

శీర్షికరూపం: విత్తనం
విన్నరూపం: ఇత్తనం
ఇతరరూపాలు: ఇత్తులు, విత్తులు
వాక్యం: మిరుగం పడ్డంక ఇత్తనం ఏస్తం.
వక్త: వ03
గ్రామం: గ్రామసంకేతం
విన్న తేదీ: 2024-06-10
చెప్పిన కాలం: మృగశిరకార్తె, వానకాలం
శబ్దం: వ03_2024-06-10_01, 12 నిమిషాల 40 సెకన్లు
వక్త ఇచ్చిన అర్థం:
పరిశోధకుని వ్యాఖ్య:
సంబంధిత గమనికలు: గొర్రు, కార్తె, తైద

ఇందులో మూడు విషయాలు గమనించదగినవి. మొదటిది, వక్త ఇచ్చిన అర్థం, పరిశోధకుని వ్యాఖ్య వేరువేరు వరుసల్లో ఉన్నాయి. కొన్నేళ్ల తరవాత ఏది ఎవరి మాటో తెలియకపోవడం క్షేత్రగమనికలను పీడించే పాతజబ్బు. రెండోది, తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో రాస్తే పుటాలు వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి. మూడోది, శబ్దపుటంపేరు, సమయం సాదాపాఠంగా ఉన్నాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ మారినా ఆధారం తెగదు.

ఒక గమనికలో ఒకే పదం ఉండాలన్న నియమం కూడా అవసరం. ఒక సాయంత్రం విన్న ముప్పై పదాలను ఒకే పొడవైన గమనికలో రాస్తే, వాటిలో దేనికీ చిరునామా ఉండదు. క్షేత్రంలో అలా రాసుకోక తప్పదు. అదే రోజు రాత్రి, లేదా మరునాడు, విడి గమనికలుగా విడదీయడం పనిలో భాగంగా భావించాలి.

5.2 సాఫ్ట్‌వేర్ ఎంపిక

2020లో వచ్చిన అబ్సిడియన్ గమనికలను సాదాపాఠపు పుటాలుగా సొంత యంత్రంలోనే ఉంచుతుంది. ఒక గమనికకు మారుపేర్లు ఇచ్చే సౌకర్యం అందులో ఉంది. "ఇత్తనం", "ఇత్తులు" అన్నవాటిని "విత్తనం" గమనికకు మారుపేర్లుగా ఇస్తే రూపభేదసమస్య చాలావరకు తీరుతుంది. ఒక గమనికను ఏయే గమనికలు ప్రస్తావించాయో కూడా అది చూపుతుంది. జాప్లిన్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. గమనికలను సాదాపాఠంగా ఎగుమతి చేసుకొనే వీలుంది. జొటేరో గ్రంథసూచికి, పుస్తకాలనుంచి తీసుకొన్న గమనికలకు అనువైనది. నిఘంటునిర్మాణమే లక్ష్యమైతే ఎస్‌ఐఎల్ సంస్థ రూపొందించిన ఫీల్డ్‌వర్క్స్‌లో రూపభేదాలకు, అర్థాలకు, ఉదాహరణలకు వేరువేరు గడులున్నాయి. అయితే అది కంప్యూటర్‌పై నేర్చుకొని వాడవలసిన సాధనం. చేనుగట్టుమీద ఫోనులో రాసుకోవడానికి కాదు. శబ్దానికి క్షణాలవారీగా పాఠాన్ని జతపరచడానికి నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్రసంస్థ రూపొందించిన ఈలాన్ ఉపయోగపడుతుంది.

ఎంపికలో మొదటి ప్రశ్న "ఇందులో ఏమేమి ఉన్నాయి" అన్నది కాక, "ఇందులోంచి నా గమనికలను ఎలా బయటికి తీసుకోగలను" అన్నది కావాలి. పరిశోధన ఐదేళ్లు సాగవచ్చు. సంచయం ముప్పై ఏళ్లు నిలవాలి. ఒక సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయంపై దాన్ని ఆధారపరచరాదు.

5.3 వెతికే పద్ధతి

రూపభేదాలను కలిపి వెతికే సూత్రాలు కొన్ని సాఫ్ట్‌వేర్లలో పనిచేస్తాయి. అబ్సిడియన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పద్ధతిలో (వి|ఇ)త్తన అని వెతికితే రెండు ఉచ్చారణలూ దొరుకుతాయి. నాగ(లి|టి|ళ్ల) అన్నది నాగలి రూపాలను పట్టుకొంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పదం మొదలు, చివరలను సూచించే సంకేతం జావాస్క్రిప్ట్‌లో ఆంగ్లాక్షరాలను, అంకెలను, అడుగుగీతను మాత్రమే పదాక్షరాలుగా గుర్తిస్తుంది. తెలుగుపదాల హద్దులు దానికి తెలియవు. పదహద్దుతో వెతికి ఫలితం రాలేదని నిరాశపడేవారు ఈ విషయం గుర్తించాలి.

సాధారణ శోధనలో పదం చివరిభాగాన్ని వదిలివేయడం మేలు. "జహీరాబాద" అని వెతికితే పైన చెప్పిన నాలుగు రాతలూ దొరుకుతాయి. పొల్లుగానీ, ఉత్వంగానీ దకారం తరవాతి సంకేతాలే కావడం ఇందుకు కారణం. పాతపాఠాలను సంచయంలో చేర్చేముందు యూనికోడ్ ఏకరూపప్రక్రియకు లోనుచేస్తే "తైద"వంటి పదాల సమస్య మొదట్లోనే తొలగుతుంది. పైథాన్ వంటి భాషల్లో దీనికి సిద్ధంగా ఉన్న ఏర్పాటు ఒక్క వరుసలో ముగుస్తుంది.

5.4 చిన్న పరీక్ష

సంచయం పెరిగేముందే ఒక పరీక్ష చేయాలి. ఇరవై గమనికలు రాసి, ఆ గమనికలు రాయని మరొక పరిశోధకునికి ఇవ్వాలి. "విత్తే పనిముట్లు", "మృగశిరలో చేసే పనులు", "వ03 చెప్పిన పదాలు" అన్న మూడు ప్రశ్నలకు జవాబులు వెతకమనాలి. ఎక్కడ తడబాటు వస్తుందో అక్కడ గమనిక నమూనాను సవరించాలి. రెండువేల గమనికల తరవాత ఈ సవరణ దాదాపు అసాధ్యం.

6. వక్తల హక్కు, గోప్యత

వెతకడం ఎంత సులువైతే, ఇతరులు వెతకడం కూడా అంత సులువవుతుంది. జహీరాబాద్ ప్రాంతపు విత్తనగమనికల్లో ఉండేవి పదాలు మాత్రమే కావు. ఏ ఇంట్లో ఏ అరుదైన విత్తనం ఉందో కూడా వాటిలో తెలుస్తుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం సంప్రదాయ రకాలను కాపాడిన రైతుల హక్కులను గుర్తించింది. 2002 నాటి జీవవైవిధ్యచట్టం కింద స్థానిక యాజమాన్య సంఘాలు ప్రజా జీవవైవిధ్య పట్టికలను రూపొందిస్తాయి. ఆ జ్ఞానం సమాజానిదన్న భావన ఈ చట్టాల వెనుక ఉంది. పరిశోధకుని గమనికలకూ అదే వర్తించాలి.

అందుకే నమూనాలో వక్తపేరుకు బదులు సంకేతం ఇవ్వడమైంది. సంకేతాలకు, పేర్లకు సంబంధం చూపే జాబితాను వేరేచోట, గుప్తపరచి ఉంచాలి. అది ఇంటర్నెట్ నిల్వలో తనంతట చేరే పుటాల మధ్య ఉండరాదు. తన పేరు ప్రచురణలో రావాలని వక్త కోరుకొంటే ఆ కోరికను గౌరవించాలి. పేరు దాచడం కొన్నిసార్లు జ్ఞానదాతకు దక్కవలసిన గుర్తింపును దాచడం కూడా అవుతుంది. కాబట్టి అనుమతివివరం కూడా గమనికలో ఒక వరుసగా ఉండాలి. సేకరించిన పదాల ప్రతిని చదవగలిగినవారికి ముద్రితరూపంలో, చదవలేనివారికి శబ్దరూపంలో గ్రామానికి తిరిగి అందించడం పరిశోధనలో చివరి మెట్టు.

7. ముగింపు

1. ఐత్వసంకేతం, అదృశ్యసంకేతం, పాతఖతులు అనే మూడు కారణాలవల్ల కంటికి ఒకటిగా కనిపించే తెలుగుపదం యంత్రానికి పలు పదాలుగా కనిపిస్తుంది. ఏకరూపప్రక్రియ మొదటి కారణాన్ని తొలగిస్తుంది. మిగిలినవాటికి విడి జాగ్రత్తలు అవసరం.

2. పదరూపభేదం, ఉచ్చారణభేదం, పర్యాయపదాలు సాధారణ శోధనకు లొంగవు. విన్నరూపాన్ని, శీర్షికరూపాన్ని విడిగా రాయడం వీటికి పరిష్కారం.

3. విన్న తేదీ, వక్త చెప్పిన కాలం, శబ్దంలోని సమయం వేరువేరు వరుసల్లో, సాదాపాఠంగా ఉండాలి.

4. సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఎగుమతి సౌకర్యానికి ప్రథమస్థానం ఇవ్వాలి. వక్త అనుమతి, గోప్యత గమనిక నిర్మాణంలోనే భాగం కావాలి.

తెలుగు పదనిర్మాణాన్ని గుర్తించే శోధన, కార్తెలతో కూడిన కాలసూచి, మాండలికాన్ని మాండలికంగానే రాసే శబ్దలేఖనం గమనికల సాఫ్ట్‌వేర్‌లో రావలసిన సౌకర్యాలు. భాషాశాస్త్రవిభాగాలు, సాంకేతిక విద్యార్థులు కలిసి చేయదగిన పని ఇది. అవి వచ్చేవరకు మాచునూరులోనో, పస్తాపూర్‌లోనో ఒక వృద్ధమహిళ చెప్పిన "ఇత్తనం" తరవాతి పరిశోధకునికి దొరకడం, ఆ రోజు రాత్రి ఆ పదానికి పరిశోధకుడు రాసుకొన్న ఒక్క శీర్షికపై ఆధారపడి ఉంటుంది.